ఏడు మూరల బాట

పటాన్‌చెరు నుంచి హైదరాబాదు వైపు జాతీయ రహదారి మీద వస్తూ, బీరంగూడ కమాను దగ్గర ఎడమకు తిరిగితే కిష్టారెడ్డిపేటకు దారి. మేము బోధించే మద్రసా పటాన్‌చెరులో ఉంది. పెద్దమ్మాయి కాపురం కిష్టారెడ్డిపేటలో. కనుక నెలకు ఒకటి రెండుసార్లయినా ఈ దారిన ప్రయాణం చేస్తూ ఉంటాము.

ఈ ప్రాంతానికి తెలుగు సాహిత్య చరిత్రలో ఒక స్థానం ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో పటాన్‌చెరులో అమీన్ ఖాన్ అనే అధికారి ఉండేవారు. పొన్నగంటి తెలగనార్యుడు తొలి అచ్చ తెలుగు కావ్యమైన ‘యయాతి చరిత్రము’ను అంకితమిచ్చింది ఆయనకే. అమీన్‌పూర్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చిందని చెప్పుకుంటారు. అక్కడి పెద్ద చెరువును 2016లో ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. చలికాలంలో దూరదేశాల పక్షులు ఆ నీటిపై వాలుతాయి.

కిష్టారెడ్డిపేట రూపురేఖలు మాత్రం మా కళ్లెదుటే మారిపోయాయి. ఒకప్పుడు జొన్నచేలు కనిపించిన చోట ఇప్పుడు కాలనీలు, అపార్టుమెంట్లు వెలిశాయి. పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాలలో పనిచేసేవారు, హైటెక్ సిటీకి వెళ్లి వచ్చేవారు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. వారమంతా షిఫ్టులతో, ప్రయాణాలతో అలసిన ఈ కుటుంబాలకు ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకుపోవడానికి దగ్గరలో ఉన్నది ఒక చిన్న పార్కు. నాలుగు ఊయలలు, ఒక జారుడుబండ, చుట్టూ నడకదారి, కొన్ని వేపచెట్లు. అంతే. అయినా ఆదివారం అసర్ తర్వాత అక్కడ ఇసుక వేస్తే రాలదు.

పార్కు నిర్మించినప్పుడు నడిచి వచ్చేవారినే దృష్టిలో పెట్టుకున్నారు కాబోలు, వాహనాలు నిలపడానికి స్థలం వదలలేదు. ఇప్పుడు పక్క కాలనీల నుంచి కూడా కార్లలో వస్తున్నారు. ముందున్న రోడ్డు వెడల్పు ముప్ఫై అడుగులు. దానికి ఒకవైపు పార్కు గోడ, ఇంకొకవైపు ఇళ్ల గేట్లు.

మొన్న వేసవిలో ఒక ఆదివారం మనవళ్లు పట్టుబట్టడంతో మేమూ ఆ పార్కుకు వెళ్లాము. కారు నడిపింది అల్లుడే. రెండుసార్లు చుట్టు తిరిగినా ఖాళీ దొరకలేదు. ఒక ఇంటి గేటు పక్కన కొంచెం జాగా కనిపించింది. గేటుకు కాస్త అడ్డం వస్తుందని అల్లుడు సందేహించాడు. “పెట్టు బాబూ, పావుగంటలో వచ్చేద్దాం” అని చెప్పింది మేమే.

పావుగంట కాస్తా గంటయింది. అంతలో మగ్రిబ్ అజాన్ వినిపించింది. పార్కు నుంచి నేరుగా మస్జిద్‌కు నడిచి వెళ్లాము. జమాఅత్‌తో నమాజ్ చేసి, తీరికగా సున్నతులు ముగించి తిరిగి వచ్చేసరికి మా కారు చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు.

ఆ ఇంటి పెద్దాయనకు హఠాత్తుగా ఆయాసం వచ్చిందట. వారి కారు గేటు లోపల ఉంది. గేటు ముందు మా కారు ఉంది. ఆయన కొడుకు పార్కులోకి పరుగెత్తి ప్రతి బెంచీ దగ్గరా ఆగి, ఆ కారు ఎవరిదని అడిగాడట. అద్దం మీద ఫోను నంబరు లేదు. చివరికి వీధి చివరనున్న పొరుగువారు తమ కారులో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఈలోగా ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. ఆ ఇరవై నిమిషాలలో కొంతసేపు మేము సజ్దాలో ఉన్నాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఫజ్ర్ నమాజ్ తర్వాత ఖాళీగా ఉన్న ఆ రోడ్డు మీద నిలబడి లెక్క వేశాము. ఆదివారం పార్కు గోడకు ముక్కు ఆనించి అడ్డంగా నిలిపే కార్లు పద్నాలుగు అడుగులు ఆక్రమిస్తాయి. ఎదుటివైపు ఇళ్ల ముందు నిలిపే కార్లు, వాటి తలుపులు తెరుచుకునే జాగా కలిపి ఏడడుగులు. ముప్ఫైలో మిగిలేది తొమ్మిది అడుగులు.

అప్పుడు మేము ఏళ్ల తరబడి విద్యార్థులకు చదివిస్తూ వచ్చిన ఒక హదీసు గుర్తుకు వచ్చింది. దారి విషయంలో ప్రజలు వివాదపడినప్పుడు, రాకపోకలకు ఏడు మూరల వెడల్పు వదలాలని దైవప్రవక్త (సఅసం) తీర్పు చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా ఇది ఉల్లేఖించబడింది. ఏడు మూరలంటే సుమారు పదిన్నర అడుగులు. బరువు మోసే ఒంటెలు నడిచిన కాలంలో వదిలించిన దారిపాటి దారిని కూడా, అంబులెన్సులు తిరిగే ఈ కాలంలో మనం వదలడం లేదు.

ఇంకొక హదీసు మరింత సూటిగా తగిలింది. అబూ దావూద్‌లో ఉంది. ఒక యుద్ధయాత్రలో సైనికులు విడిది చేసిన చోట ఇరుకు చేసి, దారిని అడ్డగించారు. అప్పుడు దైవప్రవక్త (సఅసం) ఒక చాటింపు వేయించారు. విడిదిని ఇరుకు చేసినవారికి, దారిని అడ్డగించినవారికి జిహాద్ లేదని దాని సారాంశం. అంతటి ఆరాధన కూడా దారిని అడ్డగించినందువల్ల విలువ కోల్పోతుందంటే, ఒకరి గేటుకు అడ్డంగా బండి నిలిపి చేసిన మా నమాజ్ సంగతి ఏమిటి? తీర్పు అల్లాహ్‌దే. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని ఇంకా విడువలేదు.

ప్రయాణంలో రాత్రి విడిది చేస్తే దారి మీద కాకుండా పక్కకు తొలగి ఆగమని కూడా ఆయన బోధించారు. ఆ తర్వాతి ధర్మశాస్త్రవేత్తలు రహదారిని అందరి ఉమ్మడి హక్కుగా పరిగణించారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఉస్మానీ సామ్రాజ్యం క్రోడీకరించిన ‘మజల్లా’ కూడా రహదారిలో నడిచే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని, అయితే ఇతరులకు హాని కలిగించరాదని షరతు పెట్టింది. మన దేశపు మోటారు వాహనాల చట్టం, 1988 చెప్పేదీ ఇదే. ఇతరులకు ప్రమాదం, ఆటంకం లేదా అనవసర ఇబ్బంది కలిగేలా బహిరంగ స్థలంలో వాహనాన్ని నిలపరాదని దాని 122వ సెక్షన్ చెబుతోంది.

మూడు రోజుల తర్వాత ఆ పెద్దాయన ఇంటికి చేరారు, అల్‌హమ్దులిల్లాహ్. పండ్లు తీసుకుని అల్లుడితో కలిసి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆయన మమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి అన్నారు: “మీరు కావాలని పెట్టలేదు గద మౌల్వీసాబ్. కని ప్రతి ఆదివారం ఎవలో ఒకలు పెడ్తనే ఉంటరు. ఎవల్ని అడ్గినా రెండు నిమిషాలే అంటరు.” ఆ మాటలో కోపం లేదు. అందుకే తలెత్తలేకపోయాము.

పెద్ద నగరం ఈ చిక్కుకు పెద్ద ఉపాయాలే వెతుకుతోంది. హైదరాబాదులో కె.బి.ఆర్. పార్కు వద్ద కార్లను నిలువుగా పేర్చే యాంత్రిక పార్కింగ్‌ను నగరపాలక సంస్థ చేపట్టింది. జపానులో 1962 నాటి చట్టం ప్రకారం, కారు నిలుపుకోవడానికి రోడ్డు కాకుండా వేరే స్థలం ఉందని యజమాని చూపవలసి ఉంటుంది. చిన్న కాలనీకి యంత్రాలు కొనే స్తోమత ఎక్కడిది? ఉన్న స్థలాన్నే సరిగా వాడుకోవాలి.

ఆ మాటే పెద్దాయన కొడుకుతో, కాలనీ సంఘం పెద్దలతో మాట్లాడాము. పార్కు నుంచి రెండు వందల అడుగుల దూరంలో ఒక పాఠశాల ఉంది. పార్కు కిక్కిరిసే ఆదివారం సాయంత్రం దాని ఆవరణ ఖాళీగా తాళం వేసి ఉంటుంది. ఒక కారు నిలవడానికి, తిరగడానికి కలిపి సుమారు ఇరవై మూడు చదరపు మీటర్లు కావాలని ప్రణాళికా నిపుణుల లెక్క. ఆ లెక్కన ఆవరణలో ఇరవై కార్లు సులభంగా పడతాయి. వాచ్‌మన్ జీతం, మర్నాడు ఉదయం ఊడ్పు ఖర్చు సంఘం భరించాలన్న షరతుపై పాఠశాలవారు మూడు నెలలకు ఒప్పుకున్నారు. మస్జిద్ కమిటీ కూడా తన వంతు చందా ఇచ్చింది. రోడ్డు మీద ఇళ్ల గేట్ల ముందు సున్నంతో గీతలు గీశారు. పార్కు గోడ పక్కన ద్విచక్ర వాహనాలకు మాత్రమే చోటు ఇచ్చారు. ఒక కారు ఆక్రమించే జాగాలో నాలుగు స్కూటర్లు నిలుస్తాయి. నడవలేని వృద్ధులను, వికలాంగులను గేటు వద్ద దింపి వాహనం ముందుకు సాగిపోవాలి.

అంతా చక్కబడిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. పాఠశాల ఆవరణ సగం ఖాళీగా ఉన్నా, రెండు వందల అడుగులు నడవడానికి బద్ధకించి గీత మీదనే కారు నిలిపేవారు ఇప్పటికీ ఉన్నారు. నడకదారిలో పది చుట్లు తిరగడానికి వచ్చినవారు ఆ నాలుగు అడుగులు నడవలేరా? వాన పడితే సున్నం గీతలు చెరిగిపోతాయి, మళ్లీ గీయాలి. మూడు నెలల తర్వాత పాఠశాలవారు ఏమంటారో చూడాలి.

మన ఇళ్లలో తల్లిదండ్రులకు ఒక విన్నపం. దారి నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటని మన పిల్లలు మక్తబ్‌లో నేర్చుకుంటారు. ముల్లు, రాయి అని మేము ఉదాహరణలు చెబుతాము. ఇకపై మా పాఠంలో మూడో ఉదాహరణ కూడా ఉంటుంది: మన కారు. జుమా రోజున మస్జిద్ ముందు, వలీమా రోజున ఫంక్షన్ హాలు ముందు, ఆదివారం పార్కు ముందు పిల్లలు మనల్ని చూస్తూనే ఉంటారు. అద్దం మీద ఫోను నంబరు రాసి ఉంచండి. ఒకరి గేటు ముందు ఆగవలసి వస్తే ముందు ఆ తలుపు తట్టి అనుమతి అడగండి. వీలైతే నడిచి వెళ్లండి.

గత ఆదివారం మనవళ్లతో మళ్లీ ఆ పార్కుకు వెళ్లాము. కారు పాఠశాలలో నిలిపి నడుస్తుంటే, పెద్దాయన తన గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని కనిపించారు. చిన్నవాడు ఆయనకు సలాం చేశాడు. ఆయన చేయెత్తి దీవించారు. ఆయన గేటు ముందు గీత లోపల ఒక్క బండి కూడా లేదు.