జముకు, టీబీ-303

టిట్లీ తుఫాను వెలిశాక ముందుగా నా గదిలోకే పరిగెత్తాను. 2018 అక్టోబరు 11. వినైల్ ప్లేట్లు కడిగితే బతికాయి, అట్టలు మాత్రం ముద్దయ్యాయి. క్యాసెట్లు మొత్తం పోయాయి. వాటిలోనే మా శ్రీకాకుళం ఉద్దానంలో జముకు మీటుతూ పాడే జముకుల కథలున్నాయి. టెక్నో, హిప్‌హాప్ ప్లేట్లు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. బరంపురంలో రైలెక్కి కలకత్తా ఫ్రీస్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల కొట్లకు వెళితే ఏదో ఒకటి దొరుకుతుంది. జముకు ఏ కొట్లోనూ దొరకదు.

మిగిలినవాటిలో చరణ్‌జిత్ సింగ్ ప్లేటొకటి. హిందీ సినిమా పాటలకు వాయించే ఆయన 1982లో రోలండ్ యంత్రాలు మూడింటి మీద పది రాగాలు వాయిస్తే హెచ్ఎంవీ వేసింది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఎడో బౌమన్ అనే డచ్ సేకర్త 2002లో ఢిల్లీలో పాత ప్రతి ఒకటి సంపాదించి, 2010లో తిరిగి అచ్చువేశాడు. విన్నవాళ్ళు విస్తుపోయారు. ఈ తరహాకు మొదటిదనుకున్న షికాగో ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’ వచ్చింది 1987లో మరి! రెంటిలోనూ ఆ రోలండ్ యంత్రాల్లో ఒకటైన టీబీ-303దే ఆ మెలితిరిగే నాదం. స్వరం తెగకుండా పక్క స్వరంలోకి జారిపోతుంది.

నేనది చిన్నప్పటి నుంచీ జముకులో విన్నాను. కుంచంలాంటి పాత్రకు అడుగున తోలు బిగించి, నడుమ తీగ దూర్చి, చంకలో ఇరికించుకుని మీటుతారు. తీగ గుంజితే నాదం పైకి పాకుతుంది, వదిలితే దిగుతుంది. బొడ్డపాడు కవి సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళం రైతాంగ ఉద్యమానికి వాడుకున్నదీ ఈ జముకుల కథనే. ఆయన గొంతున్న ప్లేటు కోసం చాలా వెతికాను, దొరకలేదు. అదే అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ)లో 1969లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ నెలకొల్పిన ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోలో గీతా సారాభాయ్ వంటివాళ్ళు చేసిన ప్రయోగాలు 2023లో ప్లేటుగా వచ్చాయి. ఎవరో ఆ టేపులు బీరువాలో దాచారు కాబట్టి వచ్చాయి. మావాళ్ళకు బీరువా లేదు.

అమ్మవారి సంబరానికొచ్చిన జముకు తాతను ఇంటికి పిలిచి చరణ్‌జిత్ ప్లేటు పెట్టాను. కాసేపు తల వంచుకుని విన్నాడు.

“ఇదేటి బావూ, నా జముకుని మిసన్లో ఎట్టీసినారా?”

జముకు చంకనెత్తుకుని మీటడం మొదలెట్టాడు. నేను ప్లేటు ఆపబోతే “తిరగనీ, తిరగనీ” అన్నాడు. లయ ఎక్కడా తప్పలేదు.

హిప్‌హాప్ సంగతీ చెప్పాను. 1973లో న్యూయార్కు బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే కుర్రాడు ఒకే పాట ప్లేట్లు రెండు పెట్టి, పాట ఆగి డప్పులు మాత్రమే మోగే ముక్కను మార్చిమార్చి సాగదీశాడని. తాతకు వెంటనే అందింది. తప్పెటగుళ్ళలో పాట నిలిచి గుళ్ళు మోగే ఘట్టం కోసమే కదా జనం కాచుక్కూచునేది!

జముకును పన్నెండంగుళాల ప్లేటుగా వేయించాలని నా ఆశ. అడుగు నాదం నిండుగా పలకాలంటే గాడి వెడల్పుగా ఉండాలి. అప్పుడు పక్కకు పదిహేను నిమిషాలు కూడా కష్టమే. కథను ముక్కలు చేద్దామా అని అడిగాను.

“కత మజ్జిలో ఆపకూడదు బావూ. అమ్మోరు ఒప్పదు.”

నాకూ అదే న్యాయమనిపించింది. ప్లేటు సంగతి పక్కన పెట్టి, పాత్ర మూతి దగ్గర ఒక మైకు, తాత నోటి దగ్గర ఒకటి అమర్చి, మంగళం పాడేదాకా రికార్డరు నడిపాను.