పాట బాగుంది... మరి నాటకం?

పాటలు బాగున్నాయి. పాడినవాళ్లూ బాగా పాడారు. కథకి వంక పెట్టడానికి లేదు. దుస్తులకీ, దీపాలకీ ఖర్చు గట్టిగానే పెట్టారు. అయినా హాల్లోంచి బయటికొచ్చి స్కూటర్ తాళం తీస్తూ ఒకాయన అంటాడు... ‘ఏమోనండీ, ఎక్కడో ఏదో తగ్గింది!’ పక్కాయన అవునన్నట్టు తలాడిస్తాడు. ఆ తగ్గిందేమిటో ఇద్దరూ చెప్పలేరు. చాలాసార్లు నాటకం వేసినవాళ్లూ చెప్పలేరు.

కారణం తెలియనప్పుడు అందరి చూపూ ముందు పాట మీదే పడుతుంది. బాణీ మార్చమంటారు. కాదంటే రచయితను కూర్చోబెట్టి కథ తిరగరాయిస్తారు. అదీ కాదంటే నటుణ్ని మార్చేస్తారు. నిజానికి కొత్త సంగీతనాటకానికి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మందు మరోచోట ఉంటుంది. తెర లేవగానే జనానికి మొదట కనిపించిందేమిటి? ఈ పాట ఎప్పుడొస్తోంది? పాడేవాడు ఎక్కడ నిలబడ్డాడు? అతను పాడుతున్నంతసేపూ మిగతావాళ్లు ఏం చేస్తున్నారు? ఇంట్లో రేడియో ముందు కూర్చుంటే పాటను చెవులతో వింటాం. రంగస్థలం దగ్గర మాత్రం కళ్లతో కూడా వింటాం.

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే సంగీతనాటకాలకు పెట్టింది పేరు. అక్కడివాళ్లు ఈ సంగతిని దెబ్బలు తిని మరీ నేర్చుకున్నారు. కొత్త నాటకాన్ని ముందుగా న్యూ హేవెన్, బోస్టన్, వాషింగ్టన్ లాంటి ఊళ్లలో ఆడించి చూసుకోవడం వాళ్లకు ఎంతోకాలం ఆనవాయితీగా ఉండేది. రాత్రి ప్రదర్శనలో జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ కుర్చీల్లో అటూ ఇటూ కదిలారో గమనించడం, తెల్లారి రిహార్సల్లో మరమ్మతు చేయడం... ఇదీ వరస. ఆ మరమ్మతుల కథలు ఒక్కోసారి అసలు నాటకాల కన్నా రసవత్తరంగా ఉంటాయి.

తెర లేవగానే...

1962లో ‘ఎ ఫన్నీ థింగ్ హ్యాపెన్డ్ ఆన్ ద వే టు ద ఫోరమ్’ అనే నాటకం తయారైంది. పేరే బారెడు! ప్రాచీన రోమ్‌లో ఓ బానిస తన చిన్న యజమానికి పక్కింట్లో ఉన్న పిల్లను జత చేసి, అందుకు బదులుగా స్వేచ్ఛ సంపాదించుకోవాలని పన్నే ఎత్తులే కథ. రెండువేల ఏళ్ల కిందటి రోమన్ రచయిత ప్లాటస్ ప్రహసనాలు దానికి మూలం. పాటలు స్టీఫెన్ సాండ్‌హైమ్‌వి. బ్రాడ్‌వేలో మాటలూ బాణీలూ రెండూ తానే సమకూర్చిన మొదటి నాటకం ఆయనకదే. దర్శకుడు జార్జ్ ఆబట్ అప్పటికే తలపండినవాడు. బానిస పాత్రలో జీరో మోస్టెల్, కడుపుబ్బ నవ్వించడంలో ఘనుడు. ఇంతమంది ఉన్నా న్యూ హేవెన్‌లో నవ్వులు పండలేదు. వాషింగ్టన్‌లోనూ అదే తంతు.

అప్పుడు జెరోమ్ రాబిన్స్‌ను పిలిపించారు. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి దర్శకత్వం వహించిన ఆయన, ఈ నాటకం చూసి తప్పంతా మొదటి పాటలోనే ఉందని తేల్చారు. ఆ పాట ప్రేమ గురించి సుకుమారంగా సాగేది. దాంతో జనం నాజూకైన ప్రేమకథకు సిద్ధమై కూర్చునేవారు. తీరా చూస్తే స్టేజీ మీద పరుగులు, దొంగాటలు, వేషాల తారుమారు! నవ్వొచ్చినా నవ్వాలో వద్దో తేల్చుకోలేని ఇబ్బంది. సాండ్‌హైమ్ వెంటనే ‘కామెడీ టునైట్’ అనే కొత్త పాట రాశారు. రాబిన్స్ దాన్ని చిలిపి చేష్టలతో నింపేశారు. చూడబోయేది అచ్చమైన హాస్యమని మొదటి నిమిషాల్లోనే అందరికీ అర్థమైపోయింది. మిగతా నాటకం దాదాపు అలాగే ఉంది. కానీ నిన్నటిదాకా బిగుసుకుని కూర్చున్న హాలు అవే మాటలకు ఘొల్లుమంది. బ్రాడ్‌వేలో 964 ప్రదర్శనలు ఆడిన ఆ నాటకం ఉత్తమ సంగీతనాటకంగా టోనీ బహుమతి కూడా అందుకుంది.

ఆలోచిస్తే మన సూత్రధారుడు చేసేదీ ఈ పనే కదూ! తెర ముందుకొచ్చి, ఈ రాత్రి ఏ కథ ఆడబోతున్నామో, ఏ రసంలో ముంచబోతున్నామో ముందే చెప్పేస్తాడు. భోజనానికి పిలిచిన ఇంట్లో ఆకు వేయగానే మొదట వడ్డించేదాన్ని బట్టి, రాబోయే విందు ఎలా ఉంటుందో అతిథి ఊహించుకున్నట్టే ఇది.

ఒక్కడి పాట ఊరందరిదైతే...

అంతకు పంతొమ్మిదేళ్ల ముందు, 1943లో, న్యూ హేవెన్‌లో ‘అవే వుయ్ గో’ అనే నాటకం ఆడింది. రిచర్డ్ రోజర్స్ బాణీలు, ఆస్కార్ హామర్‌స్టీన్ మాటలు. ఇద్దరూ కలిసి చేసిన మొదటి నాటకం. ఆ రోజుల్లో సంగీతనాటకం అంటే తెర లేవగానే అమ్మాయిల బృందం చిందులేయాల్సిందే. వీళ్లు ఆ పని చేయలేదు. తెర లేస్తే స్టేజీ మీద వెన్న చిలుకుతున్న ఓ పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. పక్కనెక్కడి నుంచో, ఇంకా కనిపించని ఓ పశువులకాపరి గొంతు తెల్లవారిన అందాన్ని పాడుతూ దగ్గరవుతుంటుంది. మజ్జిగ చిలికే చప్పుడుతో నిద్ర లేచిన పల్లెటూరి వాళ్లెవరికైనా ఆ ఉదయం ఎంత సహజంగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మొదలు బాగుంది గానీ చివరికొచ్చేసరికి ఇంకా ఏదో కావాలనిపించేది. నాయకుడు పాడే ఒక పాట ఉంది. త్వరలో రాష్ట్రం కాబోతున్న తమ నేల గురించి పాడేది. బాణీ హుషారైనదే. అయినా అతనొక్కడే పాడుతుంటే అది ఒక కుర్రాడి ఉత్సాహంగానే మిగిలిపోతోంది. పరీక్షా ప్రదర్శనలు జరుగుతుండగానే ఆ పాటను బృందగానంగా మలిచారు. స్వరాలు విడిపోయి, మళ్లీ కలుస్తూ ఊరంతా గొంతు కలిపింది. జనమంతా ఒక గుంపుగా స్టేజీ ముందు అంచుదాకా నడిచొచ్చారు. కొత్త బాణీ కట్టాల్సిన అవసరమే రాలేదు. పాడేవాళ్ల సంఖ్య, వాళ్లు నిలబడే చోటు మారాయంతే. ఒక కుర్రాడి సంబరం కాస్తా ఒక నేల సంబరమైపోయింది. చివరికి నాటకం పేరు కూడా ఆ పాటదే అయింది... ‘ఓక్లహోమా!’. ఆ పేరుతోనే బ్రాడ్‌వేలో 2,212 సార్లు ఆడి అప్పటికి రికార్డు సృష్టించింది.

చేతులు కలిపితే వలయం

ఏది ఎక్కడ పెట్టాలో తేలాలంటే ముందు ఈ నాటకం దేని గురించో తేలాలి. 1964లో ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ తయారవుతున్నప్పుడు దర్శకుడు జెరోమ్ రాబిన్సే. రష్యాలోని ఓ యూదుల పల్లెలో ఐదుగురు ఆడపిల్లలున్న పాలవాడి కథ అది. ఈ నాటకం దేని గురించి అని రాబిన్స్ రచయితలను పదేపదే అడిగేవారట. పాలవాడి గురించి, కూతుళ్ల పెళ్లిళ్ల గురించి... ఏ జవాబూ ఆయనకు ఆనలేదు. చివరికి, తరతరాలుగా వస్తున్న ఒక జీవన విధానం చెదిరిపోవడం గురించి అనే మాట వచ్చింది. అలాగైతే ఆ జీవన విధానాన్ని మొదటే చూపించాలన్నారు రాబిన్స్.

అలా పుట్టింది ‘ట్రెడిషన్’ పాట. ఊరివాళ్లంతా చేతులు పట్టుకుని వరసగా వచ్చి స్టేజీ మీద వలయం కడతారు. పెద్దలు, అమ్మలు, కొడుకులు, కూతుళ్లు... ఎవరి చోటు వారిది. అక్కణ్నుంచి ఒక్కో కూతురు తనకు నచ్చినవాణ్ని ఎంచుకున్నప్పుడల్లా ఆ వలయం కాస్త బీటలువారుతుంది. ప్రభుత్వం ఊరు ఖాళీ చేయమన్నాక, చివర్లో వలయమే విడిపోతుంది. ఎవరి మూట వారు ఎత్తుకుని తలో దారీ పడతారు. మొదట చేతులు కలిపినవాళ్లే కాబట్టి ఆ చేతులు విడిపోతుంటే చూసేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. ఇందులో పెద్ద సెట్టింగు లేదు, ఖరీదైన యంత్రమూ లేదు. 3,242 ప్రదర్శనల బలం ఆ వలయంలో చాలానే ఉంది.

యంత్రం తిరిగితే చాలదు

అలాగని యంత్రాలు పనికిరావని కాదు. 1985లో లండన్‌లో ‘లే మిజరాబ్ల్’ ఇంగ్లిష్ రూపం మొదలైనప్పుడు చాలామంది విమర్శకులు పెదవి విరిచారు. జనం మాత్రం బారులుతీరారు. అందులో స్టేజీ మీద గుండ్రంగా తిరిగే వేదిక ఉండేది. తిరుగుబాటుదారులు వీధికి అడ్డంగా కట్టుకున్న అడ్డుగోడ దగ్గర పోరు ముగుస్తుంది. కాల్పులు ఆగుతాయి. సంగీతం మాత్రం సాగుతుంటుంది. వేదిక మెల్లగా తిరుగుతుంది. అడ్డుగోడ అవతలి వైపు ఇటు వచ్చేసరికి అక్కడ పడివున్న కుర్రాళ్ల శవాలు కనిపిస్తాయి. వందమాటలు రాసినా ఆ బరువు రాదు. అయితే పాతికేళ్ల తర్వాత అదే నాటకాన్ని తిరిగే వేదిక లేకుండా, విక్టర్ హ్యూగో గీసిన బొమ్మల ఆధారంగా తెరపై దృశ్యాలు వేసి మళ్లీ తయారుచేశారు. అప్పుడూ ఆడింది. అంటే యంత్రం కథకు నౌకరీ చేసినంతకాలమే దానికి విలువ.

ఈ మాటకు ఒకే దర్శకురాలి రెండు నాటకాలు సాక్ష్యం. 1997లో జూలీ టేమోర్ ‘ద లయన్ కింగ్’ చేశారు. జంతువుల ముసుగుల కింద మనుషుల ముఖాలను దాచలేదు. సింహం ముసుగు తలపైన ఉంటుంది, దాని కింద నటుడి కళ్లు కనిపిస్తూనే ఉంటాయి. మొదటి పాటకే ఏనుగు లాంటి జంతువులు ప్రేక్షకుల మధ్య నడవల్లోంచి స్టేజీ ఎక్కుతాయి. ఆడించే మనిషి కనబడుతున్నా పిల్లలూ పెద్దలూ ఆ ఏనుగును నమ్మేస్తారు. ఎందుకంటే సగం పని వాళ్ల ఊహకే వదిలేశారు కాబట్టి.

అదే టేమోర్ ‘స్పైడర్‌మ్యాన్: టర్న్ ఆఫ్ ద డార్క్’ తలపెట్టారు. దాదాపు ఏడున్నర కోట్ల డాలర్ల ఖర్చు. నటులు ప్రేక్షకుల తలల మీదుగా తీగలపై ఎగరాలి. 2010 నవంబరులో మొదలైన ముందస్తు ప్రదర్శనలు 180కి పైగా సాగాయి. యంత్రాలు మొరాయించాయి. నటులు గాయపడ్డారు. 2011 మార్చిలో టేమోర్ దర్శకత్వ బాధ్యతల నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. కొన్ని వారాలు ఆపి, కథనూ దృశ్యాలనూ సరళం చేసి, జూన్‌లో అధికారికంగా ప్రారంభించారు. జనం రాకపోలేదు గానీ, 2014 జనవరిలో పెట్టుబడి తిరిగి రాకుండానే తెరపడింది. మనిషి ఎగిరితే చప్పట్లు కొడతారు సరే, ఎందుకు ఎగురుతున్నాడో తెలియకపోతే రెండోసారి మెడ ఎత్తి చూడరు.

మన పద్యం మాటేమిటి?

ఎగరడం అంటే మనకు సురభి గుర్తురావాల్సిందే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ నాటక సమాజం తరాల తరబడి తీగల మీద నారదుణ్ని దింపింది, ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి మాయలన్నీ చూపించింది. స్పైడర్‌మ్యాన్ ఖర్చులో వెయ్యోవంతు కూడా లేని కుటుంబాలవి. అక్కడ మాయ కథలోనే ఉంది. నారదుడు ఆకాశంలోంచే రావాలి, ఘటోత్కచుడు మాయలు చేయాల్సిందే. అందుకే ఆ తీగ కనిపించినా ఎవరికీ పట్టదు. 1990ల్లో బి.వి.కారంత్ లాంటి దర్శకుడు సురభి కళాకారులతో కొత్త నాటకాలు చేయించారు. తరాల నాటి పద్ధతికి కొత్త చూపు తోడైతే ఎంత దూరం పోవచ్చో ఆ ప్రయత్నాలు చూపించాయి.

ఇప్పటికీ కొత్త పద్యనాటకాలు రాసేవాళ్లు ఉన్నారు, పాడేవాళ్లు ఉన్నారు. గొంతు, హార్మోనియం రెండూ అద్భుతంగా పలుకుతాయి. చిక్కు మిగతా స్టేజీతోనే. ఒకాయన మైకు ముందుకొచ్చి రాగం అందుకుంటే మిగతావాళ్లంతా బొమ్మల కొలువులో బొమ్మలైపోతారు. రాయబారం సీనే తీసుకోండి. పద్యం కృష్ణుడి నోట పలుకుతుంది. కానీ అది తగిలిందో లేదో కనిపించాల్సింది దుర్యోధనుడి ముఖంలో, కర్ణుడి పిడికిట్లో, భీష్ముడు దించుకున్న తలలో. ఆ ముగ్గురూ ప్రాణం పోసుకుని కూర్చుంటే పద్యం బలం రెట్టింపవుతుంది. ఇందుకు పైసా ఖర్చుండదు. నాలుగు రిహార్సల్స్ ఎక్కువ కావాలంతే.

అలాగే, హార్మోనియం, తబలా చప్పుడు పద్యంలోని మాటను మింగేస్తోందేమో హాలు చివరి వరసలో కూర్చుని వినాలి. ఒక సీను అయ్యాక దీపాలార్పి, బల్లలు జరిపే చప్పుడు వినిపిస్తూ జనాన్ని చీకట్లో కూర్చోబెట్టేబదులు, ముందు తెర దగ్గర చిన్న సన్నివేశం నడిపించే పాత కంపెనీల ఉపాయం మళ్లీ వాడుకోవచ్చు. ‘వన్స్ మోర్’ అన్న కేకకు పద్యం రెండోసారి పాడటం ముచ్చటే. కాని, చచ్చిపోతున్న పాత్ర లేచి మరీ రాగం తీస్తే ఆ చావుకు ఎవరూ ఏడవరు!

అయితే ఇవన్నీ సరిదిద్దుకోవాలంటే నాటకానికి కొంత ఆయుష్షు ఉండాలి. బ్రాడ్‌వే వాళ్లకు న్యూ హేవెన్ ఉంది, బోస్టన్ ఉంది. మన కొత్త నాటకాల్లో చాలావాటికి ఏ పరిషత్తు పోటీలోనో, ఏ రవీంద్రభారతిలోనో దక్కే ఒకటి రెండు సాయంత్రాలే మొత్తం జీవితం. నెలల తరబడి ఆఫీసుల తర్వాత, పొలం పనుల తర్వాత సాధన చేసిన మనుషుల శ్రమ ఆ ఒక్క రాత్రితో అటకెక్కుతుంది. ఎక్కడ దెబ్బతిందో తెలుసుకునేలోపే సెట్టింగులు లారీ ఎక్కేస్తాయి. ‘ఫోరమ్’ను న్యూ హేవెన్‌లో ఒక్కసారి ఆడి వదిలేసి ఉంటే, దాన్ని ఇవాళ తలుచుకునేవాళ్లే ఉండరు.

పెద్ద నగరానికి ముందు తెనాలిలోనో, నల్లగొండలోనో నాలుగు రోజులు ఆడించి చూసుకునే అలవాటు మన సమాజాలకు వస్తే బాగుంటుంది. చూసేవాళ్లూ తమవంతు సాయం చేయవచ్చు. నాటకం అయిపోయాక నటులను పలకరించి, బాగుందనే ఒక్కమాటతో సరిపెట్టకుండా, ఫలానా పాట దగ్గర మనసు పక్కకు పోయిందని ప్రేమగా చెప్పాలి. నెల తర్వాత అదే నాటకం పక్క ఊళ్లో పడితే, ఆ పాట ఈసారి ఎలా వచ్చిందో చూడటానికి పిల్లలను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి.