తలాంతును పాతిపెట్టగలమా?

మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కాం. కిటికీలో నల్లమల కొండలు దగ్గరవుతున్నాయి. మా అమ్మాయి గిద్దలూరు సంఘంలో కీబోర్డు వాయిస్తుంది, క్రిస్మస్ నాటకాలకు పాటలు కడుతుంది. పియానో, రంగస్థలం రెండూ నేర్చుకుంటానంటుంది. మేమేమో బి.ఎడ్. అనుకున్నాం.

విచారించాం. చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ 2008లో స్థాపించిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీలో పియానో, గాత్రం నేర్పుతారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు డిగ్రీ తరువాతి చదువు. అమ్మాయి వేళ్లకు తెలిసినవి 61 మెట్లు. పియానోకు 88, నొక్కడానికి బలమూ కావాలి. కనుక ముందు పియానో, డిగ్రీ. ఆ తరువాతే నాటకం.

కంభం దాటింది. “నాన్నా, ఫీజుకు పొలం అమ్మొద్దు” అన్నది.

“కౌలుకిస్తాంలే తల్లీ” అన్నాం.

గిద్దలూరులో దిగేసరికి మా మనసులు తేలికపడ్డాయి. తలాంతును పాతిపెట్టమని ప్రభువు చెప్పలేదు గదా!