గండికోటకు రైలుబండి, బ్యాటరీ సైకిలు

నంద్యాలనుండి ఎర్రగుంట్లకు 2016లో రైలుబండి నడచుట మొదలైనది. ఆ దారిలో జమ్మలమడుగున దిగి, అచ్చటినుండి సుమారు 15 కిలోమీటర్లు బ్యాటరీ సైకిళ్లపై గండికోటకు పోవలెనని మా అక్కయ్యయు నేనును తలపెట్టితిమి. అక్కయ్యకు మోకాళ్ల నొప్పులు. “నేను రాలేనులే” యను మాట ఆమె నోట మరల విననొల్లక పూనిన ప్రయాణమిది.

మార్గశిరమందే పోవలెను. అప్పుడు కోవెలకుంట్ల నల్లరేగడి చేలలో శనగ పచ్చగా నుండును. వేసవిలో నా నేల నెఱ్ఱెలు విచ్చును.

సైకిళ్లను తమ్ముడు ముందునాడే వ్యానులో చేర్చును. రానుపోను 30 కిలోమీటర్లు. అమ్మినవారు 40 వచ్చునన్నారు గాని, అది చదునుదారికి, సన్నని మనిషికి. ఎక్కుడుదారికిని ఎదురుగాలికిని మా బరువునకును (దాచనేల?) తరుగు తీయవలెను. కావున రాత్రికి కోటకడ హరిత విడిదిలో బస. బ్యాటరీకి విద్యుత్తు ఎక్కించుకొననిత్తురో లేదో ముందే యడుగవలెను.

మరునాడు ఎండ ముదురకమున్నే మాధవరాయస్వామి యాలయము, జుమ్మా మసీదు, ధాన్యపుకొట్టు చూచి, పెన్న గండి యంచునకు పోవుదుము. ఆ బండరాళ్లపై సైకిలు సాగదు. అక్కయ్యకొక చేతికఱ్ఱ కొంటిని; ఇంకను చెప్పలేదు.