రాషీ నోట ఫ్రెంచి మాట

ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. హీబ్రూ అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టి ఏడాది. రెండింటిలోనూ పండితుణ్ణి కానని ముందే మనవి చేసుకుంటున్నాను. తప్పులుంటే తెలిసినవారు దిద్దగలరు. అయితే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివే వెర్రివాడికి తగిలే కొన్ని ముచ్చట్లున్నాయి. అందులో ఒకటి చాలా రోజులుగా మనసులో మెదులుతోంది. దాన్ని ఇక్కడ పెడుతున్నాను.

ఫ్రెంచివారు పలకని అక్షరాలను భక్తితో రాస్తారు. కాలానికి వారి మాటలో ఐదక్షరాలున్నాయి. చెవికి వినిపించేది మాత్రం ‘తాఁ’ అంతే. మధ్యలో ‘ప’ ఎందుకయ్యా అంటే, లాటిను తాతగారు ‘తెంపుస్’ అన్నారు కనుక అట. పచ్చరంగు, గాజు, పురుగు, ‘వైపు’ అనే అర్థంలో వచ్చే విభక్తి, ఈ నాలుగూ రాతలో వేరువేరు, నోట మాత్రం నాలుగూ ‘వేర్’. (అరసున్నను, బండి ఱను గుర్తుచేసి నన్ను వెక్కిరించకండి. మనమూ కొన్నాళ్ళు ఆ భక్తి సాగించినవాళ్ళమే.)

హీబ్రూది తిరగేసిన కథ. అక్కడ పలికే అచ్చులను చాలావరకు రాయరు. హల్లులు రాసి ఊరుకుంటారు, మిగతాది చదివేవాడి బాధ్యత. క-త-బ అనే మూడు హల్లుల ధాతువు నుంచి కతవ్ (రాశాడు), కోతేవ్ (రాసేవాడు), మిఖ్తవ్ (ఉత్తరం), క్తోవెత్ (చిరునామా) వస్తాయి. అర్థపు ఎముకలన్నీ హల్లుల్లో ఉంటాయి కనుక అచ్చులు లేకపోయినా మాట నిలబడుతుంది. తిబేరియ పండితులు వెయ్యేళ్ళకు పూర్వమే అచ్చుల కోసం చుక్కలూ గీతలూ ఏర్పరచారు గాని, వాటిని గ్రంథపాఠానికీ కవిత్వానికీ పిల్లల పుస్తకాలకూ తప్ప మామూలు రాతలో వాడరు. గుణింతం మీద పెరిగిన మనకు ఇది మొదట్లో ఊపిరాడనివ్వదు.

వ్యాకరణంలో పోలికలు కొద్దిగా ఉన్నాయి. రెండింటిలోనూ నపుంసకలింగం లేదు. కుర్చీకీ బల్లకూ కూడా ఆడో మగో తేల్చాల్సిందే. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని ఫ్రెంచిలో అంటే అన్నది ఎవరో తెలియదు, మన తెలుగులాగే. హీబ్రూలో పురుషుడైతే ‘ఒహేవ్’, స్త్రీ అయితే ‘ఒహెవెత్’. ఇక రెండు భాషలకూ కాపలాగా విద్వత్ పరిషత్తులున్నాయి. ఫ్రెంచివారిది 1635 నాటిది, హీబ్రూవారిది 1953 నాటిది. ఈ పోలికలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. నన్ను పట్టుకున్నవి ఇవి కావు.

ఈ రెండు భాషలూ ఒకే మనిషి కలంలో కలిసిన ఊరొకటుంది. ఉత్తర ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతపు త్రువా పట్టణం. అక్కడ 1040 నుంచి 1105 దాకా జీవించిన పండితుడు రబ్బీ ష్లోమో యిత్స్‌హాకీ. లోకం ఆయనను రాషీ అంటుంది. హీబ్రూ బైబిలుకూ, తల్ముదులో అత్యధిక భాగానికీ ఆయన రాసిన వ్యాఖ్య ఈనాటికీ ఆ చదువుకు తొలి మెట్టు. రాసింది హీబ్రూలోనే. కానీ ఏదైనా మాట హీబ్రూలో ఎంత వివరించినా శిష్యుడికి అందదనిపించినప్పుడు ఆయన తడుముకోడు. ‘మన లాజ్‌లో దీన్ని ఇలా అంటారు’ అన్న ధోరణిలో ఇంటిమాట వేసేస్తాడు. లాజ్ అంటే పరభాష. ఆ పరభాష ఆయన వీధిలో, వంటింట్లో మాట్లాడే ఫ్రెంచి! పవిత్రభాష ముందు అమ్మనుడి పరభాష అయింది. అయినా చిక్కుముడి పడ్డచోట విప్పింది అదే.

ఇలాంటి ఫ్రెంచి మాటలు ఆయన వ్యాఖ్యల్లో దాదాపు 5000 ఉన్నాయి, అన్నీ హీబ్రూ లిపిలో. అచ్చుపుస్తకాల్లో చివరి అక్షరానికి ముందు రెండు చిన్న గీతలు కనిపిస్తే అది బయటిమాట అని గుర్తు.

ఆదికాండము 30వ అధ్యాయంలో యాకోబు మూడు రకాల చెట్ల చువ్వలు తెచ్చి, బెరడు వలిచి మందల ముందు పెడతాడు. కథ జరిగేది హారాను ప్రాంతంలో. ఆ చెట్ల హీబ్రూ పేర్లు శిష్యులకు తెలియవు. రాషీ ఒకటి ‘త్రెంబ్ల’ అన్నాడు, ఇంకొకటి ‘కోల్ద్ర’, మూడోది ‘కస్తన్యేర్’. మూడూ ఫ్రెంచివాళ్ళు ఎరిగిన చెట్లే. యాకోబు షాంపేన్ అడవిలో చువ్వలు కోసుకున్నట్టయింది. వృక్షశాస్త్రజ్ఞులు ఒప్పుకుంటారో లేదో గాని, ఆ పిల్లలకు మాత్రం బెరడు వలిచిన వాసన తగిలి ఉంటుంది.

నిర్గమకాండము 28వ అధ్యాయంలో మరొకటి. యాజకుణ్ణి నియమించడాన్ని హీబ్రూలో ‘చెయ్యి నింపడం’ అంటారు. ఇదేం నుడికారం? రాషీ చెబుతాడు: మన దేశంలో ప్రభువు ఎవరికైనా అధికారం అప్పగించేటప్పుడు అతని చేతిలో తోలు తొడుగొకటి పెడతాడు, దాన్ని ‘గ్వాంత్’ అంటారు, ఆ అప్పగింతను ‘రెవెస్తిర్’ అంటారు. సామంతుల కాలపు ఫ్రాన్సు ఆచారం వచ్చి అహరోను పక్కన నిలబడింది. చేతితొడుగు నేటి ఫ్రెంచిలో ‘గాఁ’.

పై మాటల్లో రెండింటిని మళ్ళీ చూడండి. కస్తన్యేర్ నేడు ‘షాతేన్యే’. రెవెస్తిర్ నేడు ‘రెవెతీర్’. రెంటిలోనూ ‘స’ మాయమై, అచ్చు నెత్తిన చిన్న గొడుగులాంటి గుర్తు మిగిలింది. 1740 నాటి పరిషత్తు నిఘంటువు ఇలా చాలా మాటల్లోంచి పలకని ‘స’ను తీసి గొడుగు పట్టింది. రాషీ రాతలో ఆ చోట షీన్ అనే అక్షరం చెక్కుచెదరకుండా ఉంది. ఆయన కాలానికి ఫ్రెంచిలో రాతగా మిగిలింది చాలా తక్కువ. 842 నాటి స్ట్రాస్‌బూర్ ప్రమాణాలు, కొన్ని భక్తిగీతాలు, అంతే. అచ్చులు రాయని లిపి, పలకనివి రాసే భాషకు, అది నిజంగా ఎలా పలికేదో దాచిపెట్టింది.

దాచింది గాని, తాళంచెవి పోయింది. 1306లో ఫ్రాన్సు రాజు యూదులను వెళ్ళగొట్టాడు. మళ్ళీ రానిచ్చి, 1394లో మళ్ళీ వెళ్ళగొట్టారు. రాషీ వ్యాఖ్య వారి వెంట జర్మను నేలకూ, ఇటలీకీ, స్పెయినుకూ వెళ్ళింది. అక్కడి లేఖకులకు హీబ్రూ వచ్చు, ఫ్రెంచి రాదు. ఒక అక్షరం బదులు దానిలాంటి మరో అక్షరం పడింది. మక్షికాం స్థానే మక్షికః అని మనమంటాం గాని, ఇక్కడ ఈగ కూడా సరిగ్గా దిగలేదు. అర్థం కావడానికి వేసిన మాటే ఆ పుటలో అర్థం కాని ఒకే ఒక్క మాటయింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఆర్సేన్ దార్మెస్తెతేర్ అనే భాషావేత్త వీటి వెంట పడ్డాడు. (అవెస్తాను అనువదించిన జేమ్స్ దార్మెస్తెతేర్ ఇతని తమ్ముడే.) ఇంగ్లండులో, ఇటలీలో గ్రంథాలయాలు తిరిగి తాళపత్రాలవంటి ఆ తోలుప్రతులను ఒకదానితో ఒకటి పోల్చాడు. 1888లో, నలభై రెండేళ్ళకే పోయాడు. తల్ముదు వ్యాఖ్యలోని మాటలు 1929లో డేవిడ్ బ్లాండ్‌హైమ్ పూనికతో అచ్చయ్యాయి.

ఇదంతా చదువుతుంటే నాకు మా తాతగారి అమరకోశం గుర్తొచ్చింది. ఆయన బడిలో సంస్కృతం చెప్పేవారు. వనౌషధివర్గం పుటల అంచుల్లో పెన్సిలుతో తెలుగు పేర్లు రాసుకున్నారు. పిల్లలకు చెప్పడానికే అయివుంటుంది. అర్జునం దగ్గర ఏరుమద్ది. అది నాకు తెలుసు. పాటలి దగ్గర కలిగొట్టు. ఇది తెలియదు. నిఘంటువు తీశాను. కలిగొట్టు అంటే పాటలి అని ఉంది. పాటలి తీశాను. కలిగొట్టు అని ఉంది. సంస్కృతం నాకు అర్థమయ్యేందుకు మా తాత రాసిన తెలుగుమాటను నేను సంస్కృతంలో వెతుక్కుంటున్నాను!

మేనత్తకు ఫోను చేశాను. “అత్తయ్యా, కలిగొట్టు అంటే ఏ చెట్టో తెలుసా?”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “నాన్న చెరువుగట్టున చూపించేవాడురా. పువ్వు వాసన గుర్తుంది. చెట్టు గుర్తులేదు” అంది.

చెరువుగట్టు ఇప్పుడు తారురోడ్డు. అయినా ఈసారి ఊరెళ్ళినప్పుడు అత్తయ్యను తీసుకుని ఒకసారి ఆ వైపు నడవాలి.