పాత కారు, చెప్పవలసిన మాట

మా దివంగత సోదరుని కుమారుడు 2022లో ఒక పాత జర్మనీ కారు కొన్నాడు; మూడేళ్ళు నడిపి 2025లో అమ్మాడు. కొన్ననాడూ అమ్మిననాడూ బేరం దగ్గర ఇంటి పెద్దగా మేమే కూర్చున్నాము. మాకు కారు నడపడం రాదు. అంబర్‌పేట్‌లోని ఒక మదరసాలో చిన్న తరగతులకు అరబీ వ్యాకరణమూ, పెద్ద తరగతులకు ఫిఖహ్‌లోని క్రయవిక్రయాల అధ్యాయమూ బోధించడం మా వృత్తి. ఏటేటా చదివించే ఆ అధ్యాయంలోని ఒక్క మస్అలా రూపాయల్లో ఎంత బరువు తూగుతుందో ఈ కారు విషయంలో చూశాము. పాత బండి కొనే ఆలోచనలో ఉన్న కుటుంబాలకు పనికివస్తుందని ఆ వివరాలు వ్రాస్తున్నాము.

ముందుగా ఆ కారు సంగతి. 2013లో మెర్సిడెస్ బెంజ్ వారు ఏ-క్లాస్ అనే చిన్న కారును సుమారు 22 లక్షల ధరకు మన దేశంలో విడుదల చేశారు. అదే ఏడాది బీఎండబ్ల్యూ వారు 1 సిరీస్‌ను సుమారు 21 లక్షల ప్రారంభ ధరకు తెచ్చారు. రెండింటికీ వెనుక పొడుగాటి డిక్కీ ఉండదు; వెనుక అద్దంతో సహా తలుపు పైకి లేస్తుంది. మన దేశంలో ఇటువంటి రూపాన్ని చవక కార్లకే తగినదిగా భావిస్తారు. అంత డబ్బు పెట్టేవారు డిక్కీ ఉన్న కారునే కోరతారు. 2014లో ఆడీ వారు ఏ3ని ఇక్కడికి డిక్కీ ఉన్న రూపంలోనే తెచ్చారు. అందువల్ల ఆ చిన్న కార్లు ఎక్కువగా అమ్ముడుపోలేదు, పాతబడిన కొద్దీ ధరలు వేగంగా పడిపోయాయి. ఎనిమిదేళ్ళ తరువాత వాటిని ఒక కొత్త మారుతి చిన్న కారు ధరకే అడగవచ్చు. మా వాడు కొన్నది అటువంటిదే. ఏ కంపెనీదన్నది ఈ వ్యాసానికి అవసరం లేదు.

వాడు ఉప్పల్ వైపు ఒక కంపెనీలో పనిచేస్తాడు. బ్యాంకు అప్పు తీసుకోనని ముందే నిశ్చయించుకున్నాడు. వడ్డీ మీద వచ్చే కారు వద్దన్నాడు. ఆరేళ్ళుగా కూడబెట్టినది ఏడున్నర లక్షలు. ఆ సొమ్ముకు కొత్త చిన్న కారైనా వస్తుంది, పాత పెద్ద పేరైనా వస్తుంది. మా ఇంటిలో ఆ వారమంతా ఇదే చర్చ. "మౌలానా ఇంటి ముందు ఆ కారు ఆగితే చందాలిచ్చేవారు ఏమనుకుంటారు?" అని మా శ్రీమతి భయం. మేము దానిని అంతగా పట్టించుకోలేదు. మంచి వాహనాన్ని మనిషి సౌభాగ్యాలలో ఒకటిగా చెప్పిన హదీసు ఉన్నది. వాడికి కావలసింది ఆ కారు ముందున్న గుర్తా, లేక లోపలి ఆరు ఎయిర్‌బ్యాగులూ గట్టి ఉక్కూనా అని మాత్రం అడిగాము. "రెండూ, తాయా అబ్బా" అన్నాడు. నిజం చెప్పాడు గనుక ఇక వాదించలేదు.

వెదకడానికి రెండు నెలలు పట్టింది. చూసిన వాటిలో ఒకటి ఢిల్లీ బండి. ఢిల్లీ పరిసరాలలో పదేళ్ళు దాటిన డీజిలు వాహనాలపై, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలపై అప్పట్లో ఉండిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. గడువు దగ్గరపడిన ఖరీదైన డీజిలు కార్లు అప్పట్లో అక్కడ చవకగా దొరికి, దక్షిణానికి వచ్చేవి. ఆ ధర చూసి ఆశపడేవారు ఒక సంగతి గమనించాలి: అక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టితే తప్ప తెలంగాణ నంబరు రాదు. అది కలిపితే చవకతనం చాలావరకు హరించుకుపోతుంది.

మరొక కారు మీటరు 41 వేల కిలోమీటర్లు చూపించింది. మూసారాంబాగ్ వైపు షెడ్డు నడుపుతున్న మా పూర్వ విద్యార్థి తన పరికరాన్ని తగిలించి చూశాడు. ఇటువంటి కార్లలో తిరిగిన దూరం మీటరులోనే కాక లోపలి ఇతర కంప్యూటర్ పెట్టెలలోనూ నమోదై ఉంటుందట. మీటరును వెనక్కి తిప్పినవాడు వాటన్నిటినీ తిప్పడం మరచిపోతాడు. ఒక పెట్టెలో లక్షా పన్నెండు వేలు కనిపించింది. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర చదవడం కూడా అతడే మాకు నేర్పాడు: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. పాడిపశువు పొదుగు నిండుగా కనబడాలని రెండు మూడు రోజులు పాలు పితకకుండా అంగడికి తోలుకువచ్చేవారిని దైవప్రవక్త (స) వారించారు. ఆ పాఠం వచ్చినప్పుడు పట్నపు పిల్లలకు పొదుగు సంగతి అర్థం కాదు. ఇప్పుడు మీటరు సంగతి చెబుతున్నాము, వెంటనే గ్రహిస్తున్నారు.

చివరకు తార్నాకలో ఒక విశ్రాంత ప్రొఫెసర్ గారి ఇంట కారు కుదిరింది. 2014 మోడలు, డీజిలు, విదేశం వెళ్ళిపోయిన వారి అబ్బాయిది. కూర్చోగానే, మేము ఏమీ అడగకముందే, ఆయన ఒక ఫైలు తెచ్చి ముందు పెట్టారు. "మౌలానా గారూ, ధర మాట్లాడే ముందు ఇది చూడండి. 2020 అక్టోబరు వానకు ఈ కారు మా అమ్మాయి వాళ్ళ సెల్లారులో ఉండింది. నీళ్ళు లోపలి తివాచీ దాకా వచ్చాయి" అన్నారు. ఆ అక్టోబరు 13 రాత్రి హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు చెరువులైన సంగతి మన నగరవాసులు మరువలేదు. అంబర్‌పేట్‌లో మూసీ వైపు ఇళ్ళవారు ఆ రాత్రి ఎలా గడిపారో మేము కళ్ళారా చూశాము. ఇంజనులోకి నీరు పోలేదనీ, తివాచీ తీసి ఆరబెట్టించి, తడిసిన రెండు పెట్టెలనూ కొంత వైరింగునూ బీమా సొమ్ముతో మార్పించామనీ చెప్పి బిల్లులు చూపించారు. ఆ తరువాత రెండేళ్ళూ ఇబ్బంది లేదన్నారు.

ఆయన చెప్పకపోతే మాకు తెలిసేదా? మా విద్యార్థి అయితే కనిపెట్టేవాడేమో. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగితే లోపలి భాగంలో బురద చార ఉంటుంది, సీటు కింది పట్టాల మరలకు తుప్పు ఉంటుంది, ఎండలో తలుపులు మూసి ఉంచి తెరిస్తే ముక్క వాసన వస్తుంది. అయినా రెండేళ్ళు శుభ్రంగా వాడిన బండిలో ఈ గుర్తులు చాలామటుకు చెరిగిపోతాయి. ఆయన కితాబుల్ బుయూ చదివినవారు కారు, రసాయనశాస్త్రం చెప్పినవారు. ఎనిమిది లక్షలు అడిగి, ఆ నీటి లెక్క తానే తీసివేసి, ఏడు లక్షల పాతికవేలకు ఇచ్చారు. మా వాడు తార్నాక చౌరస్తా నుండి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి తిప్పి, ఆర్ట్స్ కాలేజీ ముందుగా ఎన్‌సీసీ గేటు మీదుగా ఇంటికి తెచ్చాడు. ప్రాంగణపు చెట్ల కింద ఆ కారు చప్పుడు లేకుండా సాగింది. అంబర్‌పేట్ గల్లీలో, ఇళ్ళవారు తామే సిమెంటుతో కట్టుకున్న మొదటి స్పీడ్ బ్రేకరు మీద కింద గట్టిగా గీసుకుంది.

మూడేళ్ళ ఖర్చు వాడు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాడు. ఆ పుస్తకాన్ని బట్టే చెబుతున్నాము. టైర్లు నాలుగింటికి 58 వేలు; పంక్చరైనా కొంతదూరం నడిచే రకమవి, ఇటువంటి కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. బ్యాటరీకి 21 వేలు. ముందు చక్రాల వద్ద అరిగిన రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు 64 వేలు. ఏటా సర్వీసు, బీమా కలిపి దాదాపు 45 వేలు. పట్నంలో లీటరుకు 12 కిలోమీటర్లు. కారు పాతబడి ధర పడిపోయినా విడిభాగాల ధర మాత్రం 22 లక్షల కారు విడిభాగాల ధరే. ఇది కొనేవారెవరూ తలచుకోరు. కొన్న ధరలో కనీసం నాలుగో వంతు చేతిలో మిగలనివారు ఈ జాతి కారు జోలికి పోరాదన్నది మా అభిప్రాయం. ప్రయాణపు సుఖం మాత్రం నిజమే. మోకాళ్ళ నొప్పి ఉన్న మా మరదలు, అంటే వాడి తల్లి, కర్నూలు దాకా వెళ్ళివచ్చి ఒక్కమాట అనలేదు.

ఆ మోకాళ్ళే కారు అమ్మడానికి కారణమయ్యాయి. 2025 వేసవికి ఆమె నడవలేని స్థితికి వచ్చింది. రెండు మోకాళ్ళకూ శస్త్రచికిత్స చేయాలన్నారు. మా వాడు కారును అమ్మకానికి పెట్టాడు. నాచారంలో చిన్న వ్యాపారం చేసుకునే ఒక యువకుడు వచ్చి, నడిపి చూసి, మురిసిపోయి, 5 లక్షల 20 వేలు ఇస్తానన్నాడు. నీటి సంగతి అతడు అడగలేదు. మా వాడు మా వైపు చూశాడు. రేపు మాట్లాడుకుందామని అతడిని పంపివేశాము.

ఆ రాత్రి మా వాడు చేసిన వాదం తేలికైనది కాదు. "తాయా అబ్బా, మూడేళ్ళలో ఆ నీటి వల్ల నాకు ఒక్క రూపాయి నష్టం రాలేదు. లోపం ఉన్నట్టా, లేనట్టా? స్టాంపు కాగితం మీద 'ఉన్నది ఉన్నట్టుగా, అన్ని లోపాలతో సహా' అని వ్రాసి సంతకం తీసుకుంటాను. మన హనఫీలలో అది చెల్లుతుందని మీరే కదా చెబుతారు?"

చెల్లుతుంది. హిదాయాలో ఆ మాట ఉన్నది: ఏ లోపానికీ నా బాధ్యత లేదని షరతు పెట్టి అమ్మితే, కొన్నవాడు ఒప్పుకుంటే, తరువాత లోపం బయటపడినా తిరిగి ఇచ్చే హక్కు ఉండదు. మామూలు అమ్మకంలో కొన్నవాడికి ఆ హక్కు ఉంటుంది. దానిని ఖియారుల్ ఐబ్ అంటారు. అయితే ఖాజీ ముందు చెల్లడం ఒకటి, అల్లాహ్ ముందు చెల్లడం మరొకటి. తెలిసిన లోపాన్ని కాగితం చాటున దాచిన పాపం కాగితంతో పోదు. ముఅత్తాలో ఒక ఉదంతం ఉన్నది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) ఒక బానిసను లోపాల బాధ్యత లేదనే షరతుతో 800 దిర్హములకు అమ్మారు. అతనికి జబ్బు ఉన్నదనీ తనకు చెప్పలేదనీ కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. ఆ జబ్బు తెలియకుండానే అమ్మానని ప్రమాణం చేయవలసిందిగా హజ్రత్ ఉస్మాన్ (ర) తీర్పు చెప్పారు. ఇబ్నె ఉమర్ ప్రమాణానికి ఇష్టపడక అతనిని వెనక్కి తీసుకున్నారు. తరువాత అతనికి నయమైంది. 1500 దిర్హములకు అమ్ముడుపోయాడు. షరతు ఉన్నా ప్రమాణం అడిగారంటే, అడిగింది తెలుసా లేదా అన్న ఒక్క ప్రశ్నే. మా వాడికి ఆ నీటి సంగతి తెలుసు, అతడి అలమారాలో ఫైలు ఉన్నది. ఈ మాటే చెప్పాము.

"మీరు చెప్పేది సరే. తగ్గే సొమ్ము మాత్రం మా అమ్మీది" అన్నాడు. దానికి మా వద్ద జవాబు లేదు. నోరు మాది, డబ్బు వాడిది. మదరసా జీతంతో ఆ తేడా మేము పూడ్చలేమని వాడికీ తెలుసు.

విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని దాయిరతుల్ మఆరిఫ్‌కు పుస్తకాల పని మీద వెళ్ళినప్పుడల్లా మేము పలకరించే ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు ఒకరున్నారు. ఈ గొడవ విని ఆయన నవ్వి, జార్జ్ అకెర్లోఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో ప్రచురించిన ఒక వ్యాసం సంగతి చెప్పారు. అది పాత కార్ల అంగడి మీదే. అమ్మేవాడికి కారు గుట్టు తెలుసు, కొనేవాడికి తెలియదు. అందువల్ల కొనేవాడు ప్రతి కారునూ అనుమానించి నడిమి ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి కారువాడు అమ్మడు, చెడ్డ కారువాడే అమ్ముతాడు. క్రమంగా అంగడిలో చెడ్డవే మిగులుతాయి. ఇటువంటి కృషికే ఆయనకు 2001లో నోబెల్ బహుమతి మరి ఇద్దరితో కలిపి వచ్చింది. మా వాడికి ఇది చెబితే మా హదీసుల కన్నా ఎక్కువ శ్రద్ధగా విన్నాడు. మాకు కొంచెం కష్టమనిపించిన మాట నిజమే. కానీ, ఆ రాత్రే వాడు ఆ యువకుడికి ఫోను చేసి నీటి సంగతి చెప్పాడు.

అతడు రెండు రోజులు రాలేదు. మూడో రోజు ఒక మెకానిక్‌తో వచ్చి, సీట్లు విప్పించి, తివాచీ ఎత్తించి చూశాడు. ప్రొఫెసర్ గారి ఫైలులోని బిల్లులన్నీ తన ఫోనులో ఫోటో తీసుకున్నాడు. 4 లక్షల 60 వేలకు బేరం తెగింది. అరవై వేలు తగ్గింది.

ఇక కాగితాల సంగతి చెప్పాలి, మనవారు ఇక్కడే నిర్లక్ష్యం చేస్తారు. డబ్బు అందగానే తాళాలు ఇచ్చి సలాం చెప్పి పంపడం వాడుక. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజులలో, కొన్నవాడు 30 రోజులలో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. 29, 30 నంబరు ఫారాలు అందుకే. రిజిస్ట్రేషనులో పేరు మారకముందు ప్రమాదం జరిగితే, బండి అమ్మివేసినా పాత యజమానిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బీమాను తన పేరుకు మార్చుకోవడానికి కొన్నవాడు 14 రోజులలో దరఖాస్తు చేయాలి. ఆ యువకుడు బద్ధకిస్తుంటే మా వాడే కార్యాలయానికి వెంటబెట్టుకుని వెళ్ళాడు. పేరు మారినట్టు సందేశం వచ్చిన తరువాతనే రెండో తాళంచెవి ఇచ్చాడు.

మా మరదలికి రంజాన్‌కు ముందే రెండు మోకాళ్ళ శస్త్రచికిత్సలు పూర్తయ్యాయి. తక్కువపడిన అరవై వేలలో మేము పదిహేను వేలు ఇచ్చాము. మిగిలినది మా వాడు తోటి ఉద్యోగి వద్ద వడ్డీ లేని చేబదులుగా తీసుకుని నెలకు ఐదు వేల చొప్పున తీరుస్తున్నాడు. ఇంకా రెండు వాయిదాలున్నాయి.