తులం వెండి, ఆరు గుంటలు

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "దీని మీద ఏం పూసిండ్రు?" రెండోది "ఎవరు పూసిండ్రు?"

"నేనే పూసుకున్న సారూ" అంది నాయనమ్మ, నా వైపు చూడకుండా.

పూసింది నేను. టూత్‌పేస్ట్. అదీ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతూ.

మాది పూడూరు మండలం. సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు తెల్లవారుజామున నాయనమ్మ కట్టెల పొయ్యి మీద నుంచి నీళ్ల కాగు దించబోతే చెయ్యి జారింది. మరిగే నీళ్లు ఎడమ ముంజేయి మీద పడ్డాయి. (గీజర్ పెట్టిస్తామంటే వద్దంటది, అది వేరే కథ.) చల్లగా ఉంటుంది కదా అని నేను పేస్ట్ తెచ్చి మోచేతి దాకా మెత్తేశాను. బొబ్బలు లేచాయి. "తగ్గుతదిలే" అంది, నేనూ నమ్మాను. ఐదో రోజుకి కట్టిన గుడ్డ మీద చీము. పసుపు కాదు, ఆకుపచ్చ. అప్పుడు గానీ బైక్ తియ్యలేదు. మన్నెగూడ చౌరస్తా దాటి వికారాబాద్ చేరేదాకా వెనక కూర్చున్న మనిషి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ ఆకుపచ్చ రంగు సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాది అని తర్వాత చదివాను. తడి ఉన్నచోటల్లా బతుకుతుంది. లోతుగా కాలిన చర్మంలో రక్తనాళాలు కూడా దెబ్బతింటాయి కాబట్టి మింగిన మాత్ర అక్కడిదాకా సరిగ్గా చేరదు. మందు పైనుంచే పెట్టాలి. నాయనమ్మకి పెట్టింది సిల్వర్ సల్ఫాడయజిన్ అనే తెల్ల క్రీమ్. 1968లో చార్లెస్ ఫాక్స్ అనే అమెరికన్ డాక్టర్ తెచ్చిన మందు, ఇప్పటికీ చాలా ఆస్పత్రుల్లో అదే. పనిచేస్తుంది. కానీ రోజూ పాతది కడిగి కొత్తది పెట్టాలి. ఆ కడగడం నేను దగ్గరుండి చూశాను. నాయనమ్మ కొంగు నోట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగేది.

అందుకే ఈ సెమిస్టర్ నానోటెక్నాలజీ ఎలక్టివ్‌లో సెమినార్ టాపిక్ ఎంచుకోమంటే నేను రెండో ఆలోచన చెయ్యలేదు.

ఒక లెక్క చెప్తాను. ఒక సెంటీమీటర్ వెండి ఘనం తీసుకోండి. పదిన్నర గ్రాములు, తులం అనుకుందాం. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు అవుతుంది. మా ఊరి లెక్కలో దాదాపు ఆరు గుంటలు! తులం వెండితో ఆరు గుంటల మడి తడిపినట్టు. పుండు తడిలో ఆ ఉపరితలం నుంచి వెండి అయాన్లు మెల్లమెల్లగా కరిగి వస్తాయి, బ్యాక్టీరియా ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుని వాటి పని ఆపేస్తాయి.

1990ల్లో కెనడాలో రాబర్ట్ బరెల్ ఇలాంటి వెండి పూతతో యాక్టికోట్ అనే డ్రెస్సింగ్ తయారుచేశాడు. మూడు రోజులదాకా విప్పక్కర్లేదు. దాన్ని సెలైన్‌తో తడపకూడదట, శుద్ధమైన నీళ్లే వాడాలట. ఉప్పులోని క్లోరైడ్ వెండిని పట్టేసుకుంటుంది కదా. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో తెల్ల అవక్షేపం గుర్తుందా, అదే!

మన దగ్గరికొస్తే, పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థలో కిశోర్ పాక్నికర్ బృందం 7 నుంచి 20 నానోమీటర్ల వెండి కణాలతో ఒక జెల్ చేసి 2009లో ఫలితాలు ప్రచురించింది. సల్ఫాడయజిన్ క్రీమ్‌తో పోలిస్తే ముప్ఫయ్యో వంతు వెండితోనే దానికి దీటుగా బ్యాక్టీరియాని ఆపింది. ఆ జెల్‌ని మార్కెట్‌కి తెచ్చింది మన హైదరాబాద్‌లోని విర్కో బయోటెక్. ఈ ముప్ఫయ్యో వంతు ఎందుకు ముఖ్యమంటే, వెండికి మన, పర అనే తేడా తెలియదు. డోసు ఎక్కువైతే కొత్తగా పుడుతున్న చర్మ కణాలనీ దెబ్బతీస్తుంది. పైగా వెండికి లొంగని బ్యాక్టీరియా కూడా ఉంది. 1975లోనే బోస్టన్‌లో ఒక కాలిన గాయాల వార్డులో అలాంటి సాల్మొనెల్లా బయటపడింది. కాబట్టి "నానో" అని డబ్బా మీద రాసుంటే చాలు అనుకునేవాళ్లకి ఒక దండం.

సెమినార్ బాగానే జరిగింది, మార్కులూ వచ్చాయి. కానీ స్లైడ్లు తయారు చేస్తున్నప్పుడు ఒక విషయం నన్ను వదల్లేదు. నేను చెప్పిందంతా ఐదో రోజు తర్వాతి సంగతి. మొదటి రోజు చెయ్యాల్సింది మా పెరట్లోనే ఉంది: నల్లా తిప్పి ఇరవై నిమిషాలు చెయ్యి నీళ్ల కింద పెట్టడం, తర్వాత శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి పోవడం. దానికి నానో అక్కర్లేదు, ఎలక్టివ్ అక్కర్లేదు. దాన్ని చివరి స్లైడ్‌లో పెట్టాను. టైమ్ అయిపోయిందని ఆ స్లైడ్ దగ్గరే ఆపేశారు.

మొన్న ఊరికి పోయినప్పుడు నాయనమ్మకి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "వెండే గద, నా కాళ్ల కడాలు ఇస్త, అరగదీసి పూయరాదు?" అంది. ఆరు గుంటల లెక్క మళ్లీ చెప్పాను. నవ్వింది.

"నాయనమ్మా, ఆరోజు డాక్టర్‌కి నువ్వే పూసుకున్నవని ఎందుకు చెప్పినవ్?"

"మరి నీ పేరు చెప్పాల్నా? ఇంజినీరు సదువుతున్నడని ఊరంత చెప్పుకున్న" అంటూ ముంజేతి మీది గులాబీ రంగు మచ్చని గోకింది. చలికాలం ఇంకా దురద పెడుతుందట.

గీజర్ ఇప్పటికీ కొననివ్వలేదు. సెలవులకి పోతే కాగు నేనే దించుతున్నాను.